సముద్రంలో తెల్లదోమ

ప్రత్తిపాడు దగ్గర పల్లెలో మా నాన్నది పురుగుమందుల కొట్టు. మందు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్ళిచ్చిన బ్లాక్ అండ్ వైట్ టీవీ మా వసారాలో ఉండేది. ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. మొక్కని కదిలిస్తే చాలు, పొగలా లేచేది. ఎంత మందు కొట్టినా చావడం లేదని రైతులు మొత్తుకుంటే మా నాన్న, “ఇంకోసారి కొట్టండి” అనేవాడు.

ఒక ఆదివారం మందు కోసం వచ్చినవాళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. సముద్రం గురించిన కార్యక్రమం వస్తోంది. చీకటి నీళ్ళలో లైటు వేసి చూపిస్తే తెల్లటి నలుసులు గుంపులుగా తేలుతున్నాయి.

“ఒరేయ్, తెల్లదోమరా! సముద్రాన్ని కూడా వదల్లేదు!” అంటూ ఒక ముసలి రైతు లేచి నిలబడ్డాడు.

వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉంది. కాలేజీ చదువు పొగరుతో నేను కల్పించుకున్నాను. “దోమ కాదండీ, రొయ్యపొట్టులాంటి ప్రాణులు. వీటిని తినే తిమింగలం అంత లావవుతుంది.”

ఆయన టీవీ వంక చూడలేదు. పడక్కుర్చీలో ఉన్న మా నాన్న వంక చూశాడు.

“అయితే దోమ మీద బతికి బలిసేవాళ్ళు సముద్రంలోనూ ఉన్నారన్నమాట.”

అందరూ నవ్వారు. మా నాన్న ఇంకా గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే లోపలికెళ్ళి, ఆ పనిచెయ్యని మందు డబ్బానే తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తీసుకున్నాడు. చుట్టుపక్కల ఇంకో కొట్టు లేదు మరి.

ఆ దోమ మీద వచ్చిన డబ్బుతోనే నేను డిగ్రీ పూర్తి చేశాను.