తెలిసిందే అడిగితే

మెదక్ పట్నం జిల్లా కేంద్రమైన కొన్నేళ్లకు, ఒక జూన్ నెలాఖరులో, నన్ను అక్కడికి తొమ్మిది రోజుల డెప్యుటేషన్ మీద పంపారు. అప్పుడు నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ భాషా సంస్థలో సీనియర్ రిసెర్చ్ ఆఫీసర్ని. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది. బడిలో వెనకబడిన పిల్లల్ని ఒక బోర్డు పరీక్షించి, ఎవరు మామూలు బడిలో కొనసాగాలి, ఎవరిని ప్రత్యేక కేంద్రానికి పంపాలి అని తేల్చేది. బోర్డుకు ఒక డాక్టరు అధ్యక్షుడు. భాష విషయంలో తీర్పు నాది. బోర్డు ఇచ్చే తీర్పు కాగితం మూడో పేజీలో నా సంతకం లేనిదే చెల్లదు.

ఆ తొమ్మిది రోజుల సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోపం చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. చల్లారేట్టు కనబడటం లేదు.

ముందు మా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు ఎంతటిదో అర్థం కాదు. భాషాశాస్త్రం చదివానంటే జనం వెంటనే అడిగేది 'ఎన్ని భాషలొస్తయి సార్?' అని. డాక్టరుని ఎన్ని జబ్బులున్నాయని అడిగినట్టుంటుంది. భాష ఎలా పనిచేస్తుందో చూడటం మా పని, తప్పొప్పులు దిద్దడం కాదు. ఆ చూపులో అంతస్తులుంటాయి. నోట్లో ధ్వని ఎక్కడ, ఎలా పుడుతుందో చూసేది ధ్వనిశాస్త్రం. ఆ ధ్వనుల్లో ఏ తేడాని ఒక భాష లెక్కలోకి తీసుకుంటుందో, దేన్ని పట్టించుకోదో చూసేది వర్ణశాస్త్రం. 'పాల'కీ 'బాల'కీ మధ్య ఉన్న తేడా మనకి పెద్దది, ఇంకో భాషవాడి చెవికి అసలు తేడాయే కాకపోవచ్చు. మాటలు ఏ ముక్కలతో తయారవుతాయో పదనిర్మాణం, మాటలు వాక్యంగా ఎలా అమరుతాయో వాక్యనిర్మాణం, దేనికి ఏమి అర్థమో అర్థవిచారం చెబుతాయి. వీటన్నిటి పైన ఇంకొకటుంది. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు ఆ మాట అన్నారు అన్నది. 'తలుపు తీసే ఉందా?' అని అత్త కోడల్ని అడిగితే అది ప్రశ్న కాదు, తలుపు మూయమని. దీన్ని సందర్భార్థ విచారం అంటారు. నేను పాఠం చెప్పిన రోజుల్లో విద్యార్థులకి అన్నిటికంటే ఇష్టమైన క్లాసు ఇదే.

బోర్డు వాడే పరీక్ష పుస్తకం తయారుచేసిన సంఘానికి నేనే కన్వీనర్ని. అందులో నాలుగు భాగాలున్నాయి: ధ్వనులు, మాటలు, వాక్యాలు, అర్థం. ఐదో భాగం ఒకటి రాసుకున్నాం. పిల్లలు సందర్భాన్ని బట్టి ఎలా మాట్లాడతారో చూసే భాగం. దానికి మార్కులు వేయడం కష్టమని, పరీక్ష పొడుగవుతుందని తీసేశారు. తీసేశారు అని ఎందుకు రాయాలి? తీసేయమన్నది నేను. సూచనల పత్రం కూడా నా రాతే. 'బొమ్మ చూపి, ఇదేమిటి అని అడగవలెను. ఐదు సెకన్లు ఆగవలెను. జవాబు రానిచో, సమాధానం లేదు అని గుర్తించవలెను.' ఆ ఐదు సెకన్లు ఎక్కణ్ణించి తెచ్చానని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మొదటి రెండు రోజులు ఏర్పాట్లకే సరిపోయాయి. మూడో రోజు పొద్దున తొమ్మిది మంది పిల్లలు వచ్చారు. ఒక బడిలో గది ఇచ్చారు. బయట వరండాలో తల్లులు కూర్చున్నారు. అందులో ఏడో పిల్ల పేరు నస్రీన్. ఏడేళ్లు, రెండో తరగతి. తల్లి ముంతాజ్ బజారులో చీరలకి ఫాల్ కుట్టి, పీకో చేసే చిన్న దుకాణం నడుపుతోంది. క్లాసులో ఏమడిగినా పిల్ల నోరు విప్పదని బడి వాళ్లు రాసి పంపారు.

నేను కప్పు బొమ్మ చూపించి, "ఇదేమిటి?" అన్నాను. పిల్ల నా మొహం చూసింది, తర్వాత నేల చూసింది. ఐదు సెకన్లు ఆగి గడిలో రాసుకున్నాను. తాళంచెవి, దువ్వెన, గొడుగు, మేక, అన్నిటికీ అంతే. ముప్ఫై బొమ్మలకీ ఒక్క మాట రాలేదు. మాటలే రాకపోతే వాక్యాల భాగం పెట్టనక్కర్లేదని కూడా పుస్తకంలో ఉంది. పదకొండు నిమిషాల్లో అయిపోయింది. మధ్యాహ్నం భోజనానికి లేచేముందు తొమ్మిది కాగితాల మీదా సంతకం పెట్టాను. నస్రీన్ కాగితం మీదా, మిగతా ఎనిమిదింటి మీదా 'తీవ్ర భాషా లోపం, ప్రత్యేక కేంద్రానికి సిఫార్సు' అని ఉంది. ఆ కేంద్రానికి పోయిన పిల్లలు మళ్లీ మామూలు బడికి రావడం నా సర్వీసులో నేను చూడలేదు.

సాయంత్రం గది తాళం వేస్తుంటే ముంతాజ్ వచ్చి గుమ్మంలో నిలబడింది. కాగితంలో ఏముందో ఎవరో చదివి చెప్పారట. ఏడవలేదు, బతిమాలలేదు. "మా పిల్ల మూగది కాదు సార్. మీ ముంగట మాట్లాడలే, గంతే. ఒక్కపారి దుకాణం కాడికి రాండ్రి, చూడుండ్రి" అంది. తల్లులందరూ అనే మాటే అని నేను చెవిన పెట్టలేదు. ఆమె కదల్లేదు. వదిలించుకోవడానికి వస్తానన్నాను. పుస్తకమూ బొమ్మలూ సంచిలో ఉన్నాయి, అలాగే పోయాను.

దుకాణం అంటే మిషను పట్టేంత చోటు, గోడకి దారపు కండెలు, ఒక స్టూలు. ఆ స్టూలు నాకిచ్చారు. నస్రీన్ నన్ను చూసి మిషను వెనక్కి పోయింది. కాసేపటికి చేగుంట నుంచి ఒకామె ముదురు ఎరుపు చీరతో వచ్చి, దీనికి ఫాల్ ఉందా అని అడిగింది. మిషను వెనక నుంచి పిల్ల ఇవతలకి వచ్చింది. చీర చెంగు వెలుతురులోకి లాగి చూసి, రెండు ఫాల్‌లు తీసి పక్కన పెట్టింది. "గిది సరిపోతది గని నీళ్లల్ల ఏస్తే రంగు పోతది. గిది జర ముదురున్నది, గిదే తీస్కోండ్రి. పొయినసారి ఒకామె గదే కొండవోయి మల్ల తెచ్చిచ్చింది" అంది. అదే ఊపులో తల్లి వైపు తిరిగి, "అమ్మీ, వో లాల్ ధాగే కా డబ్బా కిధర్ రఖే?" అని ఎర్రదారం డబ్బా అడిగింది.

స్టూలు మీద కూర్చునే లెక్క కట్టాను. ధ్వనులకి వంక లేదు. వాక్యం వెనక వాక్యం, అందులో షరతు, పాత ముచ్చట, సలహా. ఎదుటివాళ్లని బట్టి భాష మార్చడం. నా పుస్తకం ప్రకారం ఈ పిల్లకి ఒక్క మాట రాదు.

నేను రాసిన తెలుగు తేడా చేసిందేమో అనుకున్నాను. బొమ్మలు తీసి ఈసారి మా వైపు తీరులో "ఇదేంది బిడ్డా?" అన్నాను. పిల్ల మళ్లీ నేల చూసింది. ఉర్దూలో అడిగాను, "యే క్యా హై?" అని. ఈసారి రెండడుగులు వెనక్కి వేసి తల్లి కొంగు పట్టుకుంది. అంటే సమస్య భాషది కాదు, యాసది కాదు.

ముంతాజ్ మిషను ఆపింది. "అది కప్పని మీకు ఎరుకే గద సార్. ఎరుకై గూడ అడుగుతున్నరు. నేను గట్ల అడిగిన్నంటే ఏదో పలగొట్టినట్టు, దారం చిక్కువెట్టినట్టు. గప్పుడు సప్పుడు చెయ్యకుంట నిలవడాలె. ఎదురు చెప్తే ఇంకో దెబ్బ. గది దానికి తెల్సు" అంది.

ఇది నాకు తెలియనిదా? నేను పుట్టింది శంకరంపేట దగ్గరి పల్లెలో. మా నాయన పగిలిన మట్టి గురిగి చేతిలో పట్టుకుని "ఇదేంది?" అంటే నేను కూడా నేలే చూశాను. గురిగి అని జవాబు చెప్పి ఉంటే చెంప పగిలేది. తెలిసిన పెద్దవాడు తెలిసిందే అడగడం చదువుకున్న ఇళ్లలో ఆట. అక్కడి పిల్లలకి పాలు తాగే వయసు నుంచి అలవాటు, బళ్లో వాళ్లే గబగబా చేతులెత్తుతారు. మిగతా ఇళ్లలో అది తిట్టుకి ముందు వచ్చే మాట. దానికి మౌనమే మర్యాదైన జవాబు. ఆ పిల్ల నాకు ముప్ఫై సార్లు సరైన జవాబు చెప్పింది, నేను ముప్ఫై సున్నాలు వేశాను. ఏళ్ల తరబడి క్లాసులో అత్తాకోడళ్ల ఉదాహరణ చెప్పి నవ్వించినవాణ్ణి. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుంది.

కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. అవి లేకపోతే నాకు దగ్గరివి నిజంగానే ఆనవు. "బిడ్డా, ఇవన్నీ కలిసిపోయినయి. నాకు కండ్లు కనిపిస్తలేవు. ఏది ఏదో చెప్తే వరుసల పెట్టుకుంట" అన్నాను. పిల్ల కొంగు వదిలి వచ్చింది. ముప్ఫైకి ముప్ఫై చెప్పింది. పద్దెనిమిది తెలుగులో, మిగతావి ఉర్దూలో. మేక బొమ్మకి కాళ్లు సరిగ్గా గీయలేదని కూడా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోయి, దుకాణంలో జరిగింది చెప్పి, ఈ పిల్లని మళ్లీ పరీక్షించాలన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. రోజుకి తొమ్మిది కాగితాలు తేల్చమన్న ఆర్డరు నెత్తి మీద ఉన్నవాడు. పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. "ఆరు నెలల దాకా రెండో పరీక్ష చెల్లదని మీ షీట్లనే ఉన్నది సార్. పిల్లలు జవాబులు బట్టీ పడుతరని మీరే రాసిండ్రు. అద్దాలు తీసి అడగాలని ఏ పేజీల ఉన్నది?" అన్నాడు. గట్టిగా మాట్లాడాను, ఆయనా మాట్లాడాడు. ఆరు నెలల్లో ఆ పిల్ల పేరు బడి రిజిస్టరులోంచి పోతుంది, తర్వాత ఏ పరీక్ష పెట్టినా ఒకటే.

పుస్తకం చివర ఒక్క దారి ఉంది. పరీక్షించినవాడి తప్పు వల్ల పరీక్ష చెడితే, అతడు ఆ తప్పు తనదేనని సంతకంతో రాసిస్తే, ఫలితం రద్దవుతుంది. ఎవడూ వాడడని నమ్మకంగా పెట్టుకున్న నిబంధన. వాడితే సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది, పై ఆఫీసు నుంచి మెమో వస్తుంది. డాక్టరు గొంతు తగ్గించి, రిటైర్మెంటు ముందర ఈ పరేషాన్ ఎందుకు సార్ అన్నాడు. అరగంట కూర్చుని ఆలోచించానని ఒప్పుకోవాలి. ఆ అరగంట మీద కూడా నాకు కోపమే. తర్వాత రాసిచ్చాను.

రద్దు కాగితం నకలు తీసుకుని ముంతాజ్ దుకాణానికి పోయాను. దండాలు పెడుతుందని ఎదురు చూశానని చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను చదువుతుంటే ఆమె మిషను ఆపకుండా విన్నది. విని, "మంచిది. మరి ఆ దినం మాతోని వరండల కూసున్నోళ్ల సంగతేంది సార్?" అంది. వాళ్ల విషయం వేరే కావచ్చన్నాను. "వేరో కాదో మీరు పొయ్యి చూసిండ్రా? వాళ్లు నా లెక్క మీ తలుపు కాడికి రాలే, గంతే గద" అంది. నకలు మడిచి మిషను సొరుగులో పెట్టుకుని, నన్ను చూడకుండా చీర అంచు సూది కిందికి తోసింది.

మిగిలిన ఎనిమిది కాగితాలకీ ఎనిమిది సార్లు నా తప్పని రాశాను. ఎనిమిది ఇళ్లకీ స్వయంగా పోయాను. ఇద్దరు పిల్లలకి నిజంగానే మాటలో ఇబ్బంది ఉంది, వాళ్లకి వైద్యం అవసరం. ఐదుగురు ఇంట్లో గలగలా మాట్లాడుతున్నారు. నస్రీన్‌తో పాటు ఆ ఐదుగురూ బడిలోనే ఉండిపోయారు. ఎనిమిదో పిల్లవాడి ఇంటికి తాళం ఉంది. నా మొదటి కాగితం అందిన మూడో రోజే తల్లిదండ్రులు పిల్లవాణ్ణి బడి మాన్పించి మనోహరాబాద్ వైపు పనికి పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. రెండుసార్లు పోయి వెతికాను, దొరకలేదు. మెమో వచ్చింది, జవాబు రాశాను. పరీక్ష పుస్తకం మాత్రం కొత్త అట్టతో మళ్లీ అచ్చయింది. సూచనల పేజీ మారలేదు. మార్చమని నేను రాసిన మూడు ఉత్తరాలు అందినట్టు రసీదులున్నాయి.

ఈ ఉద్యోగంలో నేర్చుకున్నది క్లుప్తంగా రాస్తున్నాను. పిల్ల మాట్లాడలేదంటే, అడిగినవాడు ఎవరు, ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో అర్థమేమిటి అన్నది ముందు రాయాలి, ఆ తర్వాతే సమాధానం లేదు అన్న గడి నింపాలి. తప్పు చేసినవాడు తన దగ్గరికి వచ్చినవాళ్ల విషయంలో మాత్రమే దాన్ని దిద్దితే, అది దిద్దడం కాదు. ఎనిమిదో పిల్లవాడి రద్దు కాగితం నా బీరువాలో ఉంది. నేను సంతకం పెట్టిన కాగితం వాళ్ల దగ్గర ఉంది, తమ కొడుక్కి మాటలు రావని వాళ్లు దాన్నే నమ్ముతున్నారు.