రాతి పగుల్లో దొరికిన కుచ్చు

చిటికెడు వెంట్రుకలు తీసి, మధ్యకు మడిచి, బ్రష్షు చెక్క బెజ్జంలోంచి పైకొచ్చిన తీగ ఉచ్చులో పెట్టి వెనక నుంచి లాగింది. కుచ్చు బిగుసుకుని నిలబడింది. పళ్లెంలోంచి ఇంకో చిటికెడు తీసుకుంది. ఎంత తీయాలో ఆమె వేళ్లకే తెలుసు. తండ్రి పోయాక, ఆయన చేసిన పాత బ్రష్షులు విప్పి చూసుకుంటూ తనంతట తాను నేర్చుకున్న పని ఇది. వీధి వీధంతటికీ ఆమె బ్రష్షులక్క.

మేనమామ వచ్చి బల్లకు అవతలి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన చోటు ఎప్పుడూ అదే. తండ్రి ఉన్న రోజుల్లో బావాబావమరుదుల కబుర్లూ కీచులాటలూ ఆ బల్లకు అటూ ఇటూ నడిచేవి. "ఏరా, మీ చుట్టం కనిపించాడా?" అని తండ్రి పలకరించేవాడు. చుట్టమంటే కొండమీది జంతువు.

మావయ్య కుర్రతనంలో పొగమంచులో దాన్ని చూశాడు. మనిషికంటే ఎత్తు, నల్లటి ఒళ్లు, రెండు కాళ్ల మీద నడక. విన్నవాళ్లంతా నవ్వారు. నవ్వులకు తట్టుకోలేక కొన్నాళ్లు గడప దాటలేదు. అప్పుడు బావే రెక్క పట్టుకుని మళ్లీ అక్కడికి తీసుకెళ్లాడు. ఆ రోజే రాతి పగుల్లో నల్లటి వెంట్రుకల కుచ్చు ఒకటి దొరికింది. ఇక సెలవు దొరికితే చాలు, కొండెక్కడమే. పెళ్లి మాటెత్తితే వచ్చే వేసవికి చూద్దామనేవాడు. వేసవులు పోయాయి, మోకాళ్లు అరిగాయి, ఆ మాట ఎత్తేవాళ్లూ లేకుండా పోయారు. కుచ్చును మాత్రం బావ చేతికి ఎన్నడూ ఇవ్వలేదు, వెక్కిరిస్తాడని.

ఇవాళ దాన్ని రుమాల్లోంచి తీసి బల్లమీద పెట్టాడు. కొండజంతువు మీద పుస్తకం రాసే ఒకావిడ రేపు వస్తోందట, పరీక్షకు పంపించడానికి పట్టుకెళ్తుందట. రాలిపోకుండా గట్టిగా కట్టి ఇమ్మన్నాడు. పుస్తకంలో పడ్డాక ఎవడు నవ్వుతాడో చూస్తానన్నాడు.

ఆమె ఒక వెంట్రుక వేళ్ల మధ్య దొర్లించింది. కొస రెండుగా చీలి ఉంది. ఇంకొన్ని తీసి నీళ్లగిన్నెలో వేసి కాసేపు ఆగింది. అవి వంపు తిరగలేదు, పుల్లల్లా అలాగే ఉన్నాయి.

"ఆ రోజు ముందు నడిచింది ఎవరు మావయ్యా?"

"మీ నాన్నే. నాకు కాళ్లాడలేదు. తను ముందెళ్లి చూసి, ఏం లేదు రారా అని కేకేశాడు. ఎందుకే?"

కట్టి ఇచ్చేస్తే నిమిషాల పని. కానీ రేపో మాపో అదే సంగతి ఎవరో కొత్తవాళ్లు చెబుతారు, అందరూ చదివే పుస్తకంలో. ఆమె తీగ కింద పెట్టేసింది.

"ఇది ఆవిడకి ఇవ్వకు. పంది వెంట్రుకలివి."

"కొండమీద అడవిపందులు లేవా?"

"ఉన్నాయి. ఒళ్లు ఉడకబెట్టుకుని తిరగవుగా."

పంది వెంట్రుక పుట్టుకతోనే వంపు అనీ, ఉడకబెట్టి సాగదీస్తే తప్ప నీళ్లలో వేసినా ఇలా నిటారుగా ఉండదనీ నెమ్మదిగా చెప్పింది. అప్పట్లో ఈ చుట్టుపక్కల వెంట్రుకలు ఉడికిన పొయ్యి తమదొక్కటే. దాని కింద మంట చూసుకోవడం చిన్నప్పుడు ఆమె పనే.

మావయ్య గిన్నెలోంచి ఒక వెంట్రుక తీసి, వేళ్ల మధ్య వంచి చూశాడు.

"నవ్వుకోడానికి పెట్టాడంటావా?"

"తెలీదు. నువ్వు గడప దాటట్లేదని అమ్మ బెంగపడేదట. అందుకూ అయ్యుండొచ్చు."

"నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని పోయాడు." నవ్వబోయాడు గానీ, నవ్వు రాలేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "మరి నేను చూసిందేంటే?"

"అది ఈ బల్లమీద లేదు మావయ్యా. ఉన్నదాని సంగతే నాకు తెలుసు."

ఆయన తలూపాడు. ఆవిడ వస్తే తను చూసింది చెబుతాననీ, కుచ్చు ఎవరిదో కూడా చెబుతాననీ అన్నాడు. దాన్ని ఆమె వైపు జరిపాడు.

"దీంతో బ్రష్షు కట్టు. బూట్లకి."

చిన్న చెక్క ఒకటి ఎంచి, బెజ్జాలు వేసి, ఉన్న వెంట్రుకలన్నీ అందులో బిగించింది. చీలిన కొసలు కత్తిరించకుండా వదిలేసింది. దుమ్ము పట్టేవి అవే. తీగ కనబడకుండా వెనక చెక్కబిళ్ల అతికించి, మేకులు కొట్టి, అరచేతికేసి నాలుగుసార్లు గట్టిగా రాచి ఆయనకిచ్చింది.

మావయ్య వంగి, కొండబూటు ముక్కు మీద ఒకసారి గీశాడు. తోలు రంగు బయటపడింది. తిరగేసి చూశాడు.

"బావ సరుకు," అన్నాడు. "ఒక్కటీ రాలలేదు."