ఒసెన్ వదిన గీసిన గీత

మా నాగసాకిలో పరంగి తీపిరొట్టె కాల్చడంలో ఒసెన్ వదిన తర్వాతే ఎవరైనా. నోరు మాత్రం మంచిది కాదు. నేను చెక్క తొట్లు కట్టేవాణ్ణి. మా రెండిళ్ళ మధ్య ఒక్క చెక్కగోడే కాబట్టి ఆమె తిట్లతోనే నాకు తెల్లవారేది.

ఆ విద్య నేర్పింది లూయిస్ అనే ముసలి పరంగి వంటవాడు. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే ఒసెన్ అతని వంటింట్లో గిన్నెలు తోముతూ పెరిగింది. తర్వాత పరంగుల మతాన్ని నిషేధించి, వాళ్ళని ఓడలెక్కించి పంపేశారు. ముసలాడు వెళ్ళిపోయాడు, రొట్టె మిగిలింది. కొత్త సంవత్సరం రాగానే, కిరస్తానీలం కాదని రుజువుగా మేరీమాత బొమ్మ తొక్కమనేవారు. మాతోపాటు ఒసెనూ తొక్కేది. ఆమెకు ఏ దేవుడితోనూ పెద్దగా పని లేదు.

మాది ఐదిళ్ళ కట్టు. ఒక ఇంట్లో కిరస్తానీ బయటపడితే శిక్ష ఐదిళ్ళకీ.

ఒకరోజు కొత్త తొట్టి ఇవ్వడానికి వెళ్ళేసరికి, పెద్ద అధికారి ఇంట్లో విందుకి రొట్టె కావాలని ఒక ఉద్యోగి వచ్చి పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాడు. ఒసెన్ పెనంలో పిండి పోసి, పుల్లతో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీత గీసి మూతపెట్టింది.

"ఏంటే అది? సిలువా?" అన్నాడు.

నేను తొట్టి కింద పెట్టేశాను.

"అది గీయకపోతే పొంగదండీ. నేర్పినోడు అలాగే చెప్పాడు."

"గీయకుండా ఇంకోటి కాల్చు, చూద్దాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పొంగకపోతే సిలువకి మహిమ ఉన్నట్టు. పొంగితే ఈమె అబద్ధమాడినట్టు. ఈ నోటిదురుసు మనిషి వల్ల నా పెళ్ళాంబిడ్డలు కూడా పోతారు కదా అని పళ్ళు నూరుకున్నాను.

గీత లేకుండా కాల్చిన రెండోదాని మూత తీసింది. రొట్టె నిండుగా, ఎర్రగా పొంగింది.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు గీశావే?"

ఒసెన్ పుల్ల విసిరికొట్టింది. "ఎందుకా? ఆ పరంగి సచ్చినోడు నన్ను ఎర్రిదాన్ని చేశాడు, అందుకు! వాడి నోట్లో మట్టి పడ! అంట్లు తోమించుకుని ఈ మాయమాటలా నేర్పింది? వాడి ఓడ నడిసంద్రంలో మునిగిపోను!"

ఉద్యోగి పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండు రొట్టెలూ పట్టుకుని వెళ్ళిపోయాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "నిజంగానే మోసం చేశాడా వదినా?" అన్నాను.

"ఏం మోసం? గీయకపోయినా పొంగుతుందని నాకు మొదటి ఏడే తెలుసు. పిండి పోశాక నా చెయ్యి పట్టుకుని గీయించేవాడు. కన్నతండ్రైనా అంత ఇదిగా చూసుకోడు." పొయ్యిలో నిప్పులు ఎగదోసింది. "అలాంటోణ్ణి సముద్రంలో మునగమన్నాను."

"పోనీలే వదినా, ఎక్కడో ఉన్నాడు. ఆయన వినలేదుగా."

"నేను విన్నానుగా," అంది.