మూడో చెంచా

భార్య చనిపోయిన రోజు తాక్ గ్యూహో పూలస్తంభాల వరస సర్దుతూ గడిపాడు. ఈ సంగతి తర్వాత ఆయనే నలుగురిలో చెప్పుకున్నాడు కాబట్టి మనం చాటుగా చెప్పుకోనక్కర్లేదు. సముద్రతీరపు ఊరు తొంగ్యంగ్‌లో ఆసుపత్రి పక్కనున్న శవగృహంలో, నడవా పొడుగునా మనిషెత్తు పూలస్తంభాలు వచ్చి చేరాయి. ఒక్కోదానికి పంపినవాళ్ళ పేరుతో తెల్ల రిబ్బను. షిప్‌యార్డు వాళ్ళది ముందు, వాళ్ళ కొనుగోలు విభాగం వాళ్ళది దాని పక్కన, ఆ తర్వాత చిన్నా చితకా కంపెనీలవి. నల్లసూటు వేసుకుని, చేతికి చావుపట్టీ కట్టుకుని ఆయనే స్వయంగా వాటిని జరిపి హోదాల ప్రకారం నిలబెట్టాడు. చర్చి స్త్రీల సమాజం పంపిన చిన్న స్తంభాన్ని మాత్రం చివరికి, మరుగుదొడ్డి తలుపు పక్కకి నెట్టాడు.

అంత్యక్రియలు జరిగిన ఆ మూడురోజులూ ఎవరు స్వయంగా వచ్చారు, ఎవరు కిందివాణ్ణి పంపి చేతులు దులుపుకున్నారు అన్నది చూసుకోవడంతోనే సరిపోయింది. కంట తడి రాలేదు. గుండె దిటవు గల మనిషి అని మెచ్చుకున్నారు వచ్చినవాళ్ళు. దిటవూ లేదు, పాడూ లేదు. లోపల ఏమీ లేదు, అంతే.

గ్యూహో ఓడలకి గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై నాలుగో ఏట చేరాడు. నక్షాల గీతలు గీసే కుర్రాడిగా మొదలుపెట్టి, సెక్షన్ చీఫ్, మేనేజరు, జనరల్ మేనేజరు అంటూ మెట్టు మెట్టూ ఎక్కి యాభై ఒకటో ఏట డైరెక్టరయ్యాడు. మెట్టెక్కిన ప్రతిసారీ సంతోషం రెండ్రోజులుండేది. మూడోరోజు పైకుర్చీ కనపడేది. ఆదివారాలన్నీ గొట్టాలు కొనే షిప్‌యార్డు వాళ్ళని గోల్ఫుకి తీసుకెళ్ళడానికే పోయాయి. పిల్లల్లేని ఇల్లు. భార్య హ్వాజా ఒక్కతే చర్చికి వెళ్ళేది. బూట్లు తొడుక్కుంటూ గుమ్మంలో అడిగేది, "ఏవండీ, ఈ వారమైనా వస్తారా?" అని. "చూద్దాంలే" అనేవాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

హ్వాజా పోయిన ఏడాదే డిసెంబరులో, పొద్దున పదింటికి హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. డైరెక్టరు ఉద్యోగం పేరుకే పెద్దది, ఊడడానికి ఒక్క ఫోను చాలు. మధ్యాహ్నానికి ఆయన సామాను రెండు పెట్టెల్లో ఇంటికొచ్చింది. ఒక పెట్టెలో సగానికి పైగా వాడని విజిటింగ్ కార్డులే.

ఆ తర్వాత ఫోను మోగడం మానేసింది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఒక్కడే ఇంకా "డైరెక్టరు గారూ" అని పిలిచేవాడు. ఆ పిలుపు కోసం గ్యూహో చెత్త పారెయ్యడానికి రోజుకి రెండుసార్లు కిందికి దిగేవాడు. ఒంటరి మనిషికి రోజుకి రెండుసార్లు పారేసేంత చెత్త ఎక్కడిది? ఒక్కో ఖాళీ సీసా పట్టుకుని దిగేవాడు.

చలికాలం మధ్యలో హోటలు తిండి పడక, వంట మొదలుపెట్టాడు. అప్పుడు కనపడింది, బియ్యం డబ్బా పైన మేకుకి వేలాడుతున్న గుడ్డసంచి. దాని మీద చర్చి పేరు కుట్టి ఉంది. సగానికి బియ్యం ఉన్నాయి. పరాయివాళ్ళ సొత్తు ఇంట్లో ఉంచుకోవడం ఆయనకి నచ్చదు. శనివారం పొద్దున్నే సంచి పట్టుకుని చర్చి వంటగదికి వెళ్ళాడు.

అక్కడ ఒక ముసలావిడ ముల్లంగి దుంపలు కడుగుతోంది. పేరు గ్వాక్ మల్సూన్, డెబ్బై రెండేళ్ళు. నలభై ఏళ్ళు ఆల్చిప్పలు ఒలిచిన చేతులు. చర్చిలో పెద్దవయసు ఆడవాళ్ళకిచ్చే క్వన్సా అనే పదవి చేసిన మనిషి కాబట్టి ఊరంతా ఆవిణ్ణి క్వన్సమ్మ అంటారు.

"నేను హ్వాజా భర్తనండి. ఈ సంచి మీదనుకుంటా. ఇచ్చి పోదామని."

క్వన్సమ్మ సంచి విప్పి చూసింది. "సగం సంచి తెచ్చి చేతిలో పెడతారా ఎవరన్నా? నింపి పట్రండి."

"ఎలా నింపాలి?"

"అదీ తెలీదా? అన్నం వండేముందు ఇంట్లో ఎన్ని నోళ్ళుంటే అన్ని చెంచాలు బియ్యం తీసి ఇందులో వెయ్యాలి. పూటపూటకీ. ఒక్కో చెంచా వేస్తూ ఆ మనిషి కోసం ప్రార్థన చేసుకోవాలి. దేవుడి బియ్యం అంటాం. నిండాక తెస్తే ఇక్కడ వండుతాం, లేనోళ్ళకి పంచుతాం."

"ఇదంతా దేనికండీ? ఒక బస్తా పంపించేస్తాను."

"బస్తా ఎవరన్నా పంపుతారు నాయనా. మనం తినే ముద్దలోంచి తీసింది కావాలి ఆయనకి." చేతులు తుడుచుకుని లేచింది. "ఇంతకీ మిమ్మల్ని ఏమని పిలవాలి?"

గ్యూహో చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. పాత కార్డు రెండు చేతులా పట్టుకుని ఇచ్చాడు. క్వన్సమ్మ దాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "కళ్ళజోడు లేదు నాయనా" అని తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. "సర్లెండి, తాక్ సొంగ్దో గారూ, సంచి నిండాక కనపడండి."

సొంగ్దో అంటే ఆ చర్చిలో ఏ పదవీ లేనివాడు. నిన్నగాక మొన్న వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవాణ్ణి అలా పిలుస్తారు. దాని మీద డీకన్, ఆ పైన క్వన్సా, అందరికన్నా పైన ఎల్డరు. అరవై మూడేళ్ళ డైరెక్టరు గారు ఆ గుమ్మం దిగి వస్తుంటే, మళ్ళీ గీతలు గీసే కుర్రాడైపోయినట్టు అనిపించింది. ఆ పిలుపు ఒళ్ళు మండించలేదు. ఒళ్ళు మండడానికి కూడా ఓపిక ఉండాలి.

కానీ చేతికిచ్చిన పని సగంలో వదిలెయ్యడం ఆయనకి చేతకాదు. రోజుకి రెండు పూటలు వండాడు. పూటకి ఒక చెంచా తీసి, అన్నం తినే పుల్లతో పైన సమంగా గీసి, సంచిలో వేశాడు. ప్రార్థన ఊసే లేదు. నెల తిరిగినా సంచి బరువెక్కలేదు. ఒక ఆదివారం, వెళ్ళడానికి ఇంకో చోటేదీ లేక, ఉన్నదే పట్టుకెళ్ళాడు.

క్వన్సమ్మ చేత్తో ఎత్తి చూసింది. "ఇంత తేలిగ్గా ఉందేంటి? మీ ఆవిడ ఇదే సంచి ఇంకా తొందరగా నిండుగా పట్టుకొచ్చేది."

"అప్పుడు ఇద్దరం కదండీ. ఇప్పుడొక్కణ్ణే."

"ఇద్దరికీ రెండు చెంచాలు. ఆవిడ మూడు వేసేది."

గ్యూహో లెక్క తప్పిందేమో అనుకున్నాడు. "మూడెందుకు?"

"నేనూ అదే అడిగా. నాకొకటి, మా ఆయనకొకటి, డైరెక్టరు గారికొకటి అంది. ఇద్దరూ ఒక్కరే కదమ్మా అన్నా. కాదు క్వన్సా గారూ, మా ఆయన ఏది పెట్టినా తినేస్తారు, ఆ డైరెక్టరు గారికే ఎంత పెట్టినా ఆకలి తీరదు, ఆయన సంగతి దేవుడికి విడిగా చెప్పుకోవాలి అంది. నవ్వుతానే అందిలెండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరా కుర్చీ ఎక్కిన కాణ్ణించి. పదకొండేళ్ళు."

ఏడుపు వస్తుందని క్వన్సమ్మ ఎదురుచూసినట్టుంది. రాలేదు. గ్యూహో ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకుని, పెట్టిన భోజనం తిని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి తెల్లవారుజాము ప్రార్థనకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎందుకు వెళ్ళాడంటే ఆయనకే తెలీదు. ఐదింటికి చర్చిలో దీపాలు వెలుగుతాయి. పాట అయ్యాక అందరూ ఒక్కసారిగా "ప్రభువా" అని మూడుసార్లు కేకపెట్టి, ఎవరి గోడు వాళ్ళు పైకే చెప్పుకుంటారు. బల్లలు కొట్టేవాళ్ళు కొడతారు, ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు. ఆ గోలలో గ్యూహో గోడకి ఆనించిన గొట్టంలా కూర్చునేవాడు.

"నాకేమీ రావడం లేదండీ" అన్నాడు ఒకరోజు క్వన్సమ్మతో. "సంతోషం లేదు, బాధ లేదు. మా ఆవిడ పోయిన బాధ కూడా రావడం లేదు. ఇలాంటివాడు ఇక్కడ కూర్చోవచ్చా?"

"నాకెందుకు చెబుతారు? ఆయనకి చెప్పండి."

అదే చెప్పాడు. రోజూ అదొక్క మాటే. ప్రభువా, నాకేమీ అనిపించడం లేదు. పక్కవాళ్ళ కేకల్లో ఆయన మాట ఆయనకే వినపడేది కాదు. అయినా మర్నాడు మళ్ళీ చెప్పాడు. ఎన్నో వారాల తర్వాత ఒక ఉదయం, ఎప్పట్లాగే ఆ మాట చెప్పి, లేవకుండా కూర్చుండిపోయాడు. కొత్తగా ఏమీ జరగలేదు. తను చెప్పింది ఎవరో పూర్తిగా విన్నట్టు మాత్రం తోచింది. ఆఫీసులో దాదాపు నలభై ఏళ్ళు మాట్లాడాడు, ఏనాడూ అలా అనిపించలేదు.

ఏప్రిల్లో ప్యో జాంగ్‌సిక్ వచ్చాడు. ఒకప్పుడు గ్యూహో చేతికింద పనిచేసినవాడు, ఇప్పుడు చాంగ్‌వన్‌లో సొంత కంపెనీ పెట్టాడు. పుట్టగొడుగుల పెట్టె బల్ల మీద పెట్టి, నేల మీద కూర్చుని వంగి దణ్ణం పెట్టాడు.

"డైరెక్టరు గారూ, మీలాంటివారు ఇంట్లో కూర్చుని చెత్త మోసుకోవడమేంటండీ? నాకు ఏడుపొచ్చింది విని. మా కంపెనీకి ముఖ్య సలహాదారుగా రండి. కారుంది, డ్రైవరున్నాడు, గదుంది."

"పనేంటి?"

"మీకు తెలీని పనా? ఆదివారాలు షిప్‌యార్డు వాళ్ళని గోల్ఫుకి తీసుకెళ్ళాలి. మీ మొహం చూస్తే చాలు వాళ్ళకి. వారం మధ్యలో మీ ఇష్టమండీ, వచ్చినా రాకపోయినా. ఆదివారం మాత్రం మీరు లేందే కుదరదు."

జేబులోంచి కార్డు తీశాడు. అప్పుడే అచ్చు వేయించేశాడు. ముఖ్య సలహాదారు తాక్ గ్యూహో. అక్షరాలు కొంచెం ఉబ్బెత్తుగా వేలికి తగులుతున్నాయి. "వచ్చే ఆదివారం మధ్యాహ్నంలోగా ఒక్కమాట చెప్పండి చాలు" అని వెళ్ళిపోయాడు.

గ్యూహో గుండె దడదడ కొట్టుకుంది. ఏడాది పైగా చచ్చుబడి ఉన్న లోపల ఏదో కదిలింది. దేవుడు తన మొర ఆలకించి మళ్ళీ సంతోషం ఇచ్చాడనే అనుకున్నాడు. కార్డుని అద్దం ముందు పట్టుకుని చూసుకున్నాడు. ఆ వారం మూడుసార్లు షూ పాలిష్ చేసుకున్నాడు. షిప్‌యార్డులో ఇప్పుడెవరెవరు ఉన్నారో, తనని ఇంటికి పంపిన హెడ్డాఫీసు వాళ్ళ ఎదుటికి ఈ కార్డుతో ఎలా వెళ్ళాలో ఆలోచిస్తూ, రెండు గిన్నెల అన్నం తిన్నాడు. తిన్నాక కూడా ఇంకా ఏదో కావాలనిపించి, డబ్బాలన్నీ వెతికాడు. చేతిలో ఖాళీ గిన్నెతో వంటింట్లో నిలబడి ఉండగా తెలిసింది, కదిలింది ఎవరో. హ్వాజా విడిగా చెంచా వేసింది ఎవరికో, ఆ ఆకలి తీరని మనిషే లేచాడు.

అప్పుడు భయం వేసింది. నిజమైన భయం. వెళితే మళ్ళీ బతికినట్టుంటుంది, ఆ ఆకలితోనే చివరిదాకా బతకాలి. వెళ్ళకపోతే ఏమీ అనిపించని ఈ ఇల్లు, ఈ తెల్లవారుజాములు. ఎటు చూసినా ముద్ద దిగలేదు.

శనివారం చర్చి వంటగదిలో క్వన్సమ్మ పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ సంగతంతా చెప్పాడు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు ఆవిడ. ఒలిచిన రెబ్బలు గిన్నెలో వేస్తూ వేరే మాట ఎత్తింది.

"నాకు డెబ్బై నిండగానే క్వన్సా పదవి నుంచి రిటైరు చేశారు తెలుసా? అందరికీ అంతేలెండి, రూలది. ఎల్డర్లనీ పంపేస్తారు. పూలగుత్తి ఇచ్చి చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్ళి రెండ్రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నా."

"మీరా?"

"ఏం, నాకు కోరికలుండవా? మూడోరోజు పాస్టరు గారి మీదకి పోయా. ఇప్పుడు నేనెవర్ని అని దులిపేశా. పాస్టరు గారన్నారూ, మీరెప్పటికీ సొంగ్దోనే, సొంగ్దో అంటే పరిశుద్ధుడనే కదమ్మా అర్థం, అపొస్తలులు ఉత్తరాలు రాసింది ఎల్డర్లకి మాత్రమే కాదు, పరిశుద్ధులందరికీ, కూలివాళ్ళతో సహా అన్నారు. ప్రభువు రక్తం పెట్టి కొన్నాక ఇచ్చిన పేరట అది. మనం పాస్ అయితే ఇచ్చింది కాదు, కాబట్టి రిటైర్మెంటు లేదంట." కత్తి కింద పెట్టి ఆయన వైపు చూసింది. "మొదటిరోజు మీకు అంత పెద్ద పేరు పెట్టి పిలిస్తే, మొహం ముల్లంగి దుంపలా పెట్టుకుని పోయారు."

ఆదివారం ఆరాధన అయింది. పన్నెండు కొట్టకముందే జాంగ్‌సిక్ ఫోను చేశాడు. గ్యూహో వంటగది బయట, మెట్ల మీద నిలబడి ఎత్తాడు.

"నేను రావడం లేదయ్యా జాంగ్‌సిక్."

"కారు చిన్నదనా డైరెక్టరు గారూ? పెద్దది చూద్దామండి."

"కారు కాదు. ఆదివారాలు నాకు కుదరదు. చర్చి ఉంది."

"చర్చా?" జాంగ్‌సిక్ నవ్వబోయి ఆగాడు. "పోన్లెండి, మంచిదే. పెద్ద పదవే ఇచ్చి ఉంటారు మీకు. ఎల్డరా?"

"సొంగ్దో."

"అది ఎన్నో మెట్టండీ?"

"అన్నిటికన్నా కిందిది."

"అయ్యో, డైరెక్టరు గారూ. మీరు అక్కడ కూర్చోవడమేంటండీ?"

గ్యూహోకి చెప్పాలంటే చాలా ఉంది, కానీ చెప్పే అలవాటు లేదు. గొంతులో సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పాడు.

"ఇక్కణ్ణించి నన్నెవరూ ఫోను చేసి దించలేరయ్యా" అన్నాడు.

లోపల ఎండు ముల్లంగాకు సూపు చల్లారిపోతోందని క్వన్సమ్మ కేకేసింది. ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళి, వెనక బల్ల మీద ఖాళీ ఉన్నచోట కూర్చున్నాడు. ఒక గిన్నె తిన్నాడు. ఇంకొంచెం వెయ్యనా అని ఎవరో గరిటె పట్టుకుని అడిగితే, వద్దండీ, చాలు అన్నాడు.