నాకు భయం నేర్పిన నరసమ్మత్త

ఇవాళ పొద్దున మా ఆవిడ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ఆ ఘాటుకు నా గుండె దడదడలాడింది. ఉల్లిపాయకు భయపడే మగవాణ్ణి రాయపూర్ మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నవ్వితే నవ్వండి. ఆ వాసన రాగానే నాకు ఈ ఊళ్ళోనే గుఢియారీ పేటలో మా పాత ఇల్లూ, పక్కింటి నరసమ్మత్తా గుర్తొస్తారు.

తిల్దాలో రైస్ మిల్లు ఫిట్టరుగా ఉండగా నిచ్చెన మీద నుంచి పడి నా వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది. మూత్రం దానంతటది రాదు. నాలుగైదు గంటలకోసారి సన్నటి పైపు పెట్టుకుని తీసుకోవాలి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక చూడవచ్చిన వాళ్ళంతా ధైర్యం చెప్పి వెళ్ళారు. రైల్వే నర్సుగా చేసి రిటైరైన నరసమ్మత్త మాత్రం ఒక గాజు సీసా తెచ్చి కిటికీలో పెట్టింది.

"రోజూ పొద్దున్నే ఇందులో పట్టి వెలుతుర్లో చూడు. మడ్డిగా ఉంటే నన్ను పిలు. నీకు మంట తెలీదు, నొప్పి తెలీదు. నడుం దెబ్బతిన్నాక రోగాన్ని ఆపే సత్తువ కూడా ఒంట్లో తగ్గిపోతాది. భయపడాల్రా," అంది.

నాకు ఒళ్ళు మండింది. నా ఉచ్చను నేనే కిటికీ దగ్గర పరీక్షించుకునే గతి పట్టిందే అని ఏడుపొచ్చింది కూడా. నాలుగు నెలలు చూసి విసుగెత్తి మానేశాను.

మే నెలలో చెల్లెలి నిశ్చితార్థం వచ్చింది. ఆరంగ్ నుంచి మగపెళ్ళివారు వస్తున్నారు. ఉన్నవి రెండు గదులు. అంతమందిలో పైపు ఎక్కడ పెట్టుకోను? ముందురోజు పొద్దుటి నుంచే నీళ్ళు మానేశాను. సీసాను మంచం కిందికి తోసేశాను. నిశ్చితార్థం రోజంతా పైపు పెట్టుకోకుండానే వరండాలో కూర్చుని వచ్చినవాళ్ళకు నమస్కారాలు పెట్టాను.

వాళ్ళు వెళ్ళేసరికి నాకు చెమటలు పట్టి, కడుపులో తిప్పింది. కాళ్ళు వాటంతటవే కొయ్యల్లా బిగుసుకున్నాయి. థర్మామీటరు పెడితే జ్వరం లేదు. ఇక్కడి ఎండలకు అందరూ అనేమాటే మా అమ్మా అంది: "లూ కొట్టేసింది. జేబులో ప్యాజ్ పెట్టుకోమంటే విన్నాడా?" వడగాలికి ఉల్లిపాయే మందని దంచి నా అరికాళ్ళకు రుద్దింది. ఎంత రుద్దినా నాకేం తెలియలేదు.

ఆ ఘాటుకే నరసమ్మత్త గుమ్మంలో ఆగింది. "ఉల్లిపాయెందుకు? సీసా ఏదిరా?"

వంగి మంచం కింద నుంచి తనే తీసింది. పైపు పెట్టించి, వచ్చినదాన్ని కిటికీకి ఎత్తి పట్టింది. గంజిలా ఉంది.

"నీళ్ళెప్పుడు తాగినావు?"

"నిన్న పొద్దున, అత్తా."

అమ్మ గబగబా ఇదివరకు ఆస్పత్రిలో ఇచ్చిన పాత మాత్రలు తెచ్చింది. అత్త చెయ్యడ్డం పెట్టింది. "వద్దు వదినా. ముందు పరీక్షకిస్తేనే ఏ మందుకు లొంగుతాదో తెలుస్తాది. ఆటో పిలు."

ఆటోలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వణుకుతోంది. "జ్వరం లేదు కదా అత్తా," అన్నాను, ఆవిడకు ధైర్యం చెబుతున్నట్టు.

"మా తమ్ముడికీ లేదురా," అంది రోడ్డు వైపే చూస్తూ. "రైలు యార్డులో పడి నడుం పోయినోడు. నేనే థర్మామీటరు చూసి, రేపు చూద్దాంలే అన్నాను. నర్సుని. తెల్లారేసరికి లేడు."

ఆస్పత్రి చేరేలోపే నాకు వణుకు మొదలైంది. మూత్రంలోని సూక్ష్మజీవులు రక్తంలోకి ఎక్కాయన్నారు. పదిరోజులున్నాను. చచ్చిపోతానని నిజంగా భయపడ్డాను, సిగ్గు లేకుండా అత్త కొంగు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ ఏడవొద్దని అనలేదు. గ్లాసుతో నీళ్ళు పట్టింది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే గోడ అవతల నుంచి ఒకటే కేక: "తేటగా ఉందా?" ఉందని అరిచేవాణ్ణి. రెండేళ్ళ కిందట ఆవిడ పోయింది. అడిగేవాళ్ళు లేకపోయినా పొద్దున్నే సీసా ఎత్తి పట్టి, "తేటగా ఉందత్తా," అని మెల్లగా అనుకుంటాను.

ఇవాళ అనలేకపోయాను. కాళ్ళు బిగుసుకుంటున్నాయి, సీసా మడ్డిగా ఉంది. మా ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి థర్మామీటరు చూసింది. "జ్వరం లేదండీ. రేపు చూద్దామా?"

"వద్దు, ఆటో పిలు," అన్నాను. సీసా మూత బిగిస్తుంటే నా చేతులు వణుకుతున్నాయి, ఆ రోజు ఆటోలో అత్త చెయ్యి వణికినట్టే.