లోపల ఆయనున్నారు

మొన్న ఆదివారం గుడిలో ప్రభు సంస్కారం తీసుకుని వచ్చి కూర్చున్నానో లేదో, పక్కనున్న అమ్మాయి సీసా మూత తీసి గటగటా నీళ్ళు తాగేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. తప్పంతా మా మేనత్తది.

అత్త మల్కాపురంలో, ఆరేసిన బట్టలకి కూడా రిఫైనరీ వాసన పట్టే వీధిలో, మిషను కుట్టుకుని బతికింది. పెళ్ళి చేసుకోలేదు. మాది లూథరన్ గుడి. నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాక గంటసేపు మంచినీళ్ళు ముట్టేది కాదు, చాడీలు చెప్పేది కాదు. రెండోదే కష్టమయ్యేదనుకుంటాను. ఎవరైనా కాఫీ ఇవ్వబోతే, "ఇప్పుడొద్దమ్మా, లోపల ఆయనున్నారు" అనేది. గుమ్మంలోకి ఎవరైనా వస్తే, మొగుడు ఇంట్లోనే ఉన్నాడని వీధిలో తక్కిన ఆడవాళ్ళు చెప్పే గొంతు అచ్చం అదే. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. తొంభైల్లో నేను మొదటిసారి రొట్టె తీసుకోబోయే ముందు, నిర్ధారణ పాఠాలప్పుడు మా పాస్టరు అయ్యగారు, క్రీస్తు మనలో, మనం క్రీస్తులో ఉంటామని, ఒకటైనా ఆయన ఆయనే, మనం మనమేనని చెప్పారు. బట్టీ పట్టాను గానీ బుర్రకెక్కలేదు. అత్తనడిగితే, "ఇందులో ఏటుందే? బాప్తిస్మం నాడే వచ్చీసారు. ఈ రొట్టె తిన్నప్పుడల్లా కాపరం గట్టిపడతాది" అంది. మరి గంటయ్యాక వెళ్ళిపోతారా అన్నాను. నెత్తిన మొట్టికాయ వేసింది. "ఎల్లిపోడానికొచ్చేరేటే ఆయన!"

కొన్నేళ్ళకి అత్తకి గొంతులో పుండు లేచింది. అది కేన్సరని తేలేసరికి గంజి కూడా దిగడం మానేసింది. అయ్యగారు ఇంటికొచ్చి, గోరంత రొట్టె ద్రాక్షారసంలో ముంచి నోట్లో పెట్టారు. మింగలేకపోయింది. మళ్ళీ పెట్టారు. రెండుసార్లూ నా చేతిలోని తువ్వాల్లోకే వచ్చేసింది. అత్త ఆ తువ్వాలు వంకే చూస్తూ ఉండిపోయింది.

"గొంతుతో పనిలేదమ్మా, విశ్వాసం చాలు. ఆయన మీలోనే ఉన్నారు" అన్నారు అయ్యగారు. చెప్పింది సరైన మాటే.

అత్త గొంతు పెగుల్చుకుని, గుమ్మంలో నిలబడ్డ మనిషిని తిప్పి పంపేస్తున్నట్టు అంది. "ఆయన లేరండి."

అయ్యగారు చాలాసేపు ప్రార్థన చేశారు. అత్త కళ్ళు మూసుకోలేదు. ఆ తర్వాత బతికిన తొమ్మిది రోజులూ ఆ మాటెత్తలేదు, మమ్మల్ని ఎత్తనివ్వలేదు. సమాధి దగ్గర అందరూ ఆమె ప్రభువుని చేరుకుందన్నారు. నేనూ తలూపాను. అప్పుడూ నమ్మకం కుదరలేదు, ఇప్పటికీ కుదరలేదు.

ఇన్నేళ్ళయినా, రొట్టె తిన్నాక గంటసేపు నేను నీళ్ళు తాగను. లోపల ఎవరైనా ఉన్నారేమోనని కూర్చుంటాను. గంట గడిచిపోతుంది. లేచి వెళ్ళి నీళ్ళు తాగుతాను.