లేని అంతస్తులో కాపురం

నాచారంలో నేను అద్దెకున్న నాలుగో అంతస్తు మునిసిపాలిటీ లెక్కల్లో లేదు. మా ఓనరు ఐదంతస్తులు కట్టి, రెండింటికే పన్ను కట్టేవాడు. మిగతా మూడూ ఇంకా కడుతున్నట్టు కనిపించాలని డాబా మీద ఇనుప చువ్వలు అలాగే వదిలేశాడు. పన్నువాళ్లు వస్తున్నారని తెలిస్తే మేం దండేల మీది బట్టలు తీసేసేవాళ్లం.

ఒక వానాకాలం డ్రైనేజీ ఎదురుతన్ని, వీధిని ముంచి, సెల్లారులో ఉన్న ఆయన కొత్త కారు చుట్టూ చేరింది. పెద్ద పైపు వేయించాలని మునిసిపాలిటీ ఇంజనీరును పిలిపించాడు. వాళ్ల వెంట నేనూ సెల్లారులోకి దిగాను.

"ట్యాక్సులైతే గుంజుతరు, పని జెయ్యరు. జర నా కారు సూడు సారూ!"

ఇంజనీరు చూశాడు. "రెండంతస్తులకు గీ పైపే మస్తు అన్నా. పైన ఎవలన్న ఉంటున్నరా?"

"ఎవ్వలు లేరు. పని నడుస్తుంది."

అంతలో గోడ పక్క గొట్టంలో ఎవరి స్నానపు నీళ్లో గలగలా దిగివచ్చి మా కాళ్ల దగ్గర నురగలు కక్కాయి.

"లేనోళ్లు మంచిగనే తానం జేస్తున్నరు," అన్నాడు ఇంజనీరు.

"సరే, ఒక్క అంతస్తు రాసుకో."

"మూడు రాపిస్తెనే పెద్ద పైపు."

ఓనరు కారు వంక చాలాసేపు చూసి, "రాసుకో, ఏం జేస్త!" అన్నాడు.

పైపు పడింది, వీధంతా పొడిబారింది. ఆ పన్ను మాత్రం మరుసటి నెల మా అద్దెలో కలిసింది. ఉన్నవాళ్ల మీద పన్ను వేయాల్సిందేనని ఇప్పటికీ అంటాను. వేశాక వాళ్ల జేబు దగ్గరే కాసేపు కాపలా కూడా ఉండమంటాను.